నోర్మూత సీటు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయినప్పుడు నా బిడ్డకు ఏదో ఒకటి అవుతుంది, అది ఏడవదు.

ఏడవదంటే పుట్టుకతో గొంతు లేని పిల్ల అనుకోకండి. ఎనిమిదో నెల వచ్చేదాకా మా హన్విక ఏడుపు ఎత్తుకుంటే మస్కట్‌లో మా ఆయన గది పక్కవాళ్ళు గోడ కొట్టేవారు. ఇప్పుడు దాని కాళ్ళకు గజ్జెలు కట్టాను. మోగితే పరుగెత్తి చూస్తాను. మోగకపోయినా పరుగెత్తి చూస్తాను. పొయ్యి మీద అన్నం పెట్టి రెండడుగులు వేశానంటే మళ్ళీ వెనక్కి వస్తాను. మా అత్త ఇంతకుముందు నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.

నన్ను తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించారు. ఆ యంత్రం సంగతి శాస్త్రం ప్రకారం చెప్పడం నాకు రాదు. చూసింది చూసినట్టు, డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మా ఆయన సురేంద్ర మస్కట్‌లో ఏసీ మెకానిక్. పాపను చూపించుకు రమ్మంటే విజిట్ వీసా మీద వెళ్ళాను. గడువు అయిపోయి, పాపను చంకనేసుకుని ఒక్కదాన్నే హైదరాబాదు విమానం ఎక్కాను. సీటు తలగడకు చెవుల దగ్గర చెంపల్లా రెండు బూడిద రంగు మెత్తలు ఉన్నాయి. పైన చిన్న పచ్చ దీపం. నా ముందు వరసలో కూర్చున్న కుర్రాడు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

"మామా, ఇది నోర్మూత సీట్ల ఫ్లైట్ రా! ఎవడన్నా తాగి గోల చేస్తే సీటే వాడి నోరు మూయిస్తదంట. ముందు దీపం ఆరెంజ్, తర్వాత ఊదారంగు. ఫినిష్! హాయిగా పండుకోవచ్చు."

నాకు కూడా ప్రాణం కుదుటపడింది. గల్ఫ్ విమానాల్లో తాగి కొట్టుకునేవాళ్ళ గురించి మా ఆయన రోజూ చెప్పేవాడు. ఒంటరిదాన్ని, చంకలో పిల్ల. ఇలాంటి సీటు ఉండటమే మంచిదనుకున్నాను.

అప్పుడు వచ్చాడు పెంచలయ్య. యాభై ఏళ్ళుంటాయి. ఎండకు తోలు నల్లబడి బీటలు పడింది. చంకలో తాడుతో కట్టిన కంబళి, నోట్లో మందు వాసన. నా పక్క సీటే ఆయనది.

"ఏ ఊరు మ్మే?"

"రాజంపేట పక్కన."

"ఓయబ్బ! మనూరి పిల్లే!" అని లేచి నిలబడ్డాడు. విమానం కదులుతోంది. "ఓ అబ్బోళ్ళారా, ఈ పాపది మనూరు! నాకు ఈడ మనుషులుండారు!"

ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చి హిందీలో కూర్చోమంది.

"కుచ్చుంటా తల్లీ, కుచ్చుంటా. కోప్పడాకు."

వెనక వరసలో టై కట్టుకున్న ఒకాయన విసుక్కున్నాడు. "కూర్చోవయ్యా! నీ ఒక్కడి విమానమా ఇది?"

"నీదా మరి? నీదైతే చెప్పు, దిగిపోతా!"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. విమానం పైకి లేచాక ఆయన కిటికీ మూత కోసం ముందు కుర్రాడితో గొడవ పడ్డాడు. సీటు వెనక్కి వాల్చాడని మోకాళ్ళతో తన్నాడు. లేచి పై అర తెరిచి ఎవరి సంచినో కింద పడేశాడు. తలగడ మీద దీపం పచ్చ నుంచి ఆరెంజ్‌కు మారింది. ఎయిర్ హోస్టెస్ వేలు చూపించి ఏదో హెచ్చరించింది. కాసేపు ఊరుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"చిన్నాయనా, కొంచెం మెల్లగా మాట్లాడు. పాప లేస్తుంది" అన్నాను.

చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి గుసగుసగా చెప్పాడు. "ఆరేండ్లు ఎడారిలో గొర్లు తోలినా మ్మే. రెండు వారాలకొకసారి నీళ్ళ లారీ వస్తాది, వాడు పాకిస్తానోడు, వాని మాట నాకు రాదు. గొర్రెతో మాట్లాడితే గొర్రె ఏం చెప్తాది? ఈ పొద్దు ఇంతమంది మద్దెన ఉండా. ఆగల్యాకుండా ఉండా."

అప్పుడే పాప లేచింది. చెవులు నొప్పి పెట్టాయో ఏమో, ఎత్తుకుంది ఏడుపు. పాలు పట్టినా తాగలేదు. వెనకాయన "అది చాలదన్నట్టు ఇదొకటి" అన్నాడు. నా తల మీది దీపం ఎక్కడ ఆరెంజ్ అవుతుందోనని నేను పైకే చూస్తున్నాను.

"ఇట్టియ్యి మ్మే" అని పెంచలయ్య చేతులు చాచాడు.

ఇచ్చాను. మా వైపు బస్సుల్లో అంతే. నిలబడ్డ తల్లి చేతిలోని పిల్లను కూర్చున్నవాళ్ళెవరైనా ఒళ్ళోకి తీసుకుంటారు. పేరు అడగరు, కులం అడగరు. దిగే చోట కిటికీలోంచి అందిస్తారు. చెయ్యి చాచిన మనిషికి పిల్లనివ్వడానికి ఆలోచించాలని మాకు ఎవరూ నేర్పలేదు.

ఆయన పాపను భుజానికెత్తుకున్నాడు. పాప తల ఆయన చెంపకూ తలగడ చెంపకూ మధ్య ఆనింది. ఆయన గొర్రెలను పిలిచే పిలుపు పిలిచాడు.

"హుర్ర్ర్ర్... త్తో త్తో త్తో!"

ఏడుపు ఆగింది. పాప ఆయన నోటికేసి చూసింది. ఇంకోసారి పిలిచాడు. పాప కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన రెచ్చిపోయి ఇంకా గట్టిగా పిలిచాడు. పాప వెక్కిళ్ళు పెట్టి నవ్వింది. "ఆపండి!", "పిచ్చోడా!" అని నలుగురైదుగురు అరిచారు. మైకులో ఇంగ్లీషులో, హిందీలో, అరబ్బీలో ఏదో చెప్పారు. తెలుగులో చెప్పలేదు. ఒళ్ళో పిల్లలుంటే వెంటనే తీసేయమన్నారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఎయిర్ హోస్టెస్ చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తోంది. ఆమె ఇంకా నాలుగు వరసల అవతల ఉండగానే దీపం ఊదారంగుకు మారింది.

పిలుపు మధ్యలో తెగిపోయింది. దానితోపాటే పాప నవ్వు కూడా.

పెంచలయ్య మర్యాదగా కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు, సంతోషం లేదు. వెనకాయన చప్పట్లు కొట్టాడు. చాలామంది కొట్టారు. ఎయిర్ హోస్టెస్ పాపను ఆయన చేతుల్లోంచి తీసి నాకిచ్చి, దాని కళ్ళలోకి చూసి వెళ్ళిపోయింది. పాప కళ్ళు తెరుచుకునే ఉంది. నవ్వి నవ్వి అలసిపోయిందనుకున్నాను.

హైదరాబాదులో దిగాక ఆయనే నా సంచి మోశాడు. "ఈ కొత్త సిమ్ము పలుకుతాందో ల్యాదో, ఒక మిస్డ్ కాల్ ఇయ్యి మ్మే" అన్నాడు. ఆ మాట వినడానికి నేను ఆయన దగ్గరికి వంగాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చాక మా అత్త లక్ష్మీనరసమ్మకు ఒకటే మురిపెం. టీకా సూది పొడిచినా పాప కిక్కుమనలేదు. నర్సమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

"మా బంగారుతల్లి గదమ్మా, ఏడ్సనే ఏడ్సదు" అని మా అత్త వీధి వీధంతా చెప్పుకుంది. "వాళ్ళ నాయన చిన్నప్పుడు నా పానం తీసినాడు. ఈ పాప దేవత."

నాకు మాత్రం ఏదో తేడాగా ఉండేది. పాలకు వేళ మించిపోయేది, పాప అడిగేది కాదు. పక్క తడిసి చల్లబడిపోయేది, కదిలేది కాదు. నేను దగ్గరికి వెళితే నన్ను చూసేది. ఆ చూపు నాకు కొత్తగా ఉండేది.

ఒక ఆదివారం నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. ఇంట్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పాప ఉంది. ఉయ్యాలకు నాలుగు బారల దూరంలో మా అత్త వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. ఇంట్లో చప్పుడేమీ లేదు. ఏమీ లేదు కాబట్టే చేతి సబ్బుతోనే లోపలికి వచ్చాను.

ఉయ్యాల తాడు వెంట ఎర్రచీమలు బారు కట్టి దిగుతున్నాయి. పాప మెడ మడతలో పాలు కారిన చోట ఉబ్బి ఎర్రగా అయిపోయింది. కనురెప్ప మీద కూడా చీమలు. పాప నోరు బార్లా తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. ముఖం కందిపోయింది. చెంపల మీద కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. ఏడుపుకు కావలసినవన్నీ ఉన్నాయి. శబ్దం ఒక్కటే లేదు.

"ఈడ్నే ఉండా మ్మే!" అని మా అత్త నెత్తి కొట్టుకుంది. "ఈడ్నే ఉండా... నాకు ఇనపడల్యా... ఈడ్నే ఉండా గదమ్మే..."

రాజంపేటలో పిల్లల డాక్టరుకు చూపించాం. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి అన్నాడు. "అదృష్టవంతురాలివమ్మా, మా ఇంట్లో ఇద్దరున్నారు, ఇల్లు పీకి పందిరేస్తారు" అని నవ్వాడు. ఆ నవ్వు విని నాకు విమానంలో ఆగిపోయిన నవ్వు గుర్తొచ్చింది.

విమాన కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు. మా ఆయన మస్కట్ ఆఫీసు ముందు రోజుల తరబడి నిలబడ్డాడు. చివరికి ఒకామె తానే నాకు ఫోన్ చేసింది. పేరు డాక్టర్ సుచరిత. ఆ సీటును తయారు చేసింది తనేనంది.

"పాప ఆ సమయంలో ఎవరి ఒళ్ళో ఉంది?" అని అడిగింది.

చెప్పాను.

"రేపే రండి. కారు పంపిస్తాను."

హైదరాబాదు ఊరి చివర వాళ్ళ ప్రయోగశాల. మా అత్త కూడా నాతో వచ్చింది. పెద్ద గది మధ్యలో ఒకే ఒక్క విమానం సీటు. దాన్ని చూడగానే నేను పాపను కొంగు కింద దాచుకున్నాను. డాక్టరమ్మ తల దువ్వుకోలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. పాప తలకు వైర్లున్న మెత్తటి టోపీ పెట్టింది. పాలసీసా చూపించి, ఇవ్వకుండా వెనక్కి తీయమంది. నేను తీశాను. టీవీలాంటి దాని మీద ఒక గీత సర్రున కొండలా పైకి లేచింది.

"ఇదేంది మేడమ్?"

"ఏడుపు."

పాపను చూశాను. చప్పుడు లేదు. "ఎక్కడ?"

"లోపల, అరుణా." ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "మనిషి గట్టిగా అరిచాక, హమ్మయ్య, చెప్పేశాను అనుకుంటాడు చూడండి, ఆ సీటు చేసే పనంతా అదే. గోల చేసేవాడి గొంతును పట్టుకుని, చెవి వెనక ఎముకలోంచి వాడికే తిప్పి వినిపిస్తుంది. నోరు తెరవకముందే అరిచేశాననుకుంటాడు. ఊరుకుంటాడు. పది నిమిషాల్లో తేరుకుంటాడు. కానీ ఆ రోజు పాప చెవి ఎముకలోకి వెళ్ళింది ఒక పెద్ద మనిషి గొంతు. పాపకు తన గొంతు ఇంకా కుదురుకోనే లేదు. అందుకే ఆ భ్రమ పోలేదు."

"అయితే ఇప్పుడు ఇది..."

"ఏడుస్తున్నాననే అనుకుంటోంది. చాలా గట్టిగా ఏడుస్తున్నానని."

నేను సీసా పాప నోట్లో పెట్టాను. నాకు కొంచెం కొంచెంగా అర్థమైంది. చీమలు కుట్టినప్పుడు నా బిడ్డ ఊరుకోలేదు. దాని లెక్కలో అది ఇల్లు అదిరేలా ఏడ్చింది. అమ్మ విన్నది. విని కూడా రాలేదు. ఆ చూపు ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

"ఇట్లా ఎన్నాళ్ళు పిలుస్తుంది మేడమ్ నన్ను?"

ఆమె సాయంత్రం మళ్ళీ టోపీ పెట్టి చూసింది. కొండ పొద్దుటంత ఎత్తు లేవలేదు. మరునాడు ఇంకా తగ్గింది. పిలిచినా రాని అమ్మను పిల్ల పిలవడం మానేస్తోంది. ఆ గీత నేలకు ఆనిపోతే ఆ తర్వాత ఏ యంత్రమూ చేయగలిగింది లేదంది డాక్టరమ్మ.

"మీరెందుకు చేశారు ఇట్లాంటిది?" అని అరిచాను. నేను అరవగలను కదా.

"మా తమ్ముడు విమానంలో పనిచేసేవాడు" అంది. "ఒక తాగుబోతు మరిగే నీళ్ళు వాడి ముఖాన కొట్టాడు. ఇంకెవరికీ అలా జరగకూడదనుకున్నాను. సీట్లు ఆపేయమని కంపెనీకి రాశాను. ఒక్క కేసే కదా అన్నారు."

దారి ఒకటే ఉందంది. ఏ గొంతుతో ముడి పడిందో ఆ గొంతుతోనే విడిపోవాలి. యంత్రాన్ని తిరగేసి పెట్టి, పాప చెవి దగ్గర పెంచలయ్య మళ్ళీ అదే పిలుపు అంత గట్టిగానూ పిలవాలి. విమానంలో పట్టుకున్న గొంతులు దిగగానే చెరిగిపోతాయట. కాబట్టి మనిషే రావాలి.

ఆ మిస్డ్ కాల్ నంబరుకు ఫోన్ చేశాను. "చెప్పు తల్లీ" అన్నాడు, గాలి వీచినట్టు. సంగతి చెప్పగానే ఆ రైలుకే బయలుదేరాడు. మడతలు పోని కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. పాపను చూసి చేతులు చాచబోయి, చాచకుండా వెనక్కి తీసుకున్నాడు.

"నావల్ల్యా మ్మే ఇట్లయింది?"

నేనే పాపను ఆయన చేతుల్లో పెట్టాను. ఆ సీట్లో కూర్చోబెట్టారు.

"గట్టిగా పిలవండి, పెంచలయ్య గారూ" అంది డాక్టరమ్మ.

ఆయన ఊపిరి పీల్చాడు. మెడ నరాలు తేలాయి. నోరు తెరిచాడు. ఛాతీ ఎగిసిపడింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ముఖం తుడుచుకుని మా వైపు చూశాడు.

"చాలునా మ్మా? ఇంకా గట్టిగా కావల్నా?"

డాక్టరమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆరేళ్ళు మనిషితో మాట్లాడని గొంతు అది. పాప గొంతులాగే అది కూడా పది నిమిషాల్లో తేరుకోలేకపోయింది.

"ఊర్లో ఎట్లుండావు చిన్నాయనా? వండిపెట్టేవాళ్ళున్నారా?" అని అడిగాను.

"ఎవరుండారు మ్మే! మా అక్క ఉన్నెది, పోయింది. అంగట్లో బియ్యం అడిగితే ఇయ్యరు, నిలబెట్టేస్తారు. కాలు బెణికి నలుగుర్ని పిలిస్తి. ఒక్కడూ తిరిగి సూళ్ళా. నేను చెప్తానే ఉండా. ఎవరికీ ఇనపడ్డంల్యా."

అప్పుడు మా అత్త ముందుకొచ్చింది. చీమల రోజు నుంచి ఆమె పాపను వదిలి ఎక్కడికీ కదలడం లేదు. "అన్నా, గట్టిగా వద్దు. నీకు ఎంత వస్తే అంతే పిలువు. గొర్రెపిల్ల తప్పిపోయిందనుకో" అంది.

ఆయన పాప చెవి దగ్గరికి వంగాడు. "హుర్ర్... త్తో..."

ఊపిరి కంటే కొంచెం ఎక్కువ, అంతే. పాప తల తిప్పింది. కింది పెదవి వంకరపోయింది. గడ్డం వణికింది. గొంతులోంచి కీచుమని ఒక్క చిన్న చప్పుడు వచ్చింది, చెప్పు కింద ఇసుక నలిగినట్టు. ఎవరమూ కదల్లేదు. మళ్ళీ రాలేదు. కానీ వచ్చింది. నా రెండు చెవులతో విన్నాను.

"ఇంత చాలదు" అని డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆయన గొంతు పెరగాలి. రోజూ సాధన చేయండి. ఇక్కడే ఉండండి."

ఆయన ఒప్పుకోలేదు. నాలుగు గోడల మధ్య తన గొంతు లేవదన్నాడు. గుట్టలుంటే, మేకలుంటే లేస్తుందన్నాడు. వచ్చే గురువారం వస్తానని వెళ్ళాడు. మేము మాత్రం ప్రయోగశాల పక్క గదిలోనే ఉండిపోయాం. రోజూ ఫోన్ చేసేవాడు.

"ఊర్లో అరిస్తే తిడతారని గుట్టలకాడికి పోతాండా మ్మే. రోజుకొక దిక్కు. ఈ పొద్దు ఒక కుక్క తిరిగి సూసింది!"

"కుక్కేనా? రేపు మేక సూడాల!"

"మేక సూస్తే ఇంక నన్ను పట్టలేరు" అని నవ్వాడు. ఆ నవ్వు కొంచెం వినపడింది కూడా.

చివరిసారి మాట్లాడినప్పుడు ఆయన ఊపిరి తేడాగా ఉంది. "ఒంట్లో ఎట్లుంది చిన్నాయనా?" అని అడిగాను.

"చెప్పినా గదమ్మా."

"ఏం చెప్పినావు? నాకు వినపడలేదు."

"అదే మ్మే. ఇందాకే చెప్పినా గదా."

నేను ఎంత అడిగినా అదే మాట. ఆ తర్వాత ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఇప్పుడు మోగడం కూడా లేదు. గురువారం వచ్చింది, పోయింది. ఊర్లో ఉన్న మా తమ్ముడు ఆయన ఇంటికి వెళ్ళాడు, తాళం వేసి ఉంది. పోలీసులకు చెబితే "పెద్దమనిషి కదా, యాడికో పోయింటాడు, వస్తాడులే" అన్నారు. ఊరివాళ్ళు నలుగురు గుట్టల వైపు వెళ్ళి పేరు పెట్టి పిలిచి, పలకలేదని వెనక్కి వచ్చేశారు. నేను పాపను వదిలి కదల్లేను. ఈ పొద్దున గీత అరచేతి మందం కూడా లేవలేదు.

ఇది చదివేవాళ్ళలో రాజంపేట నుంచి కోడూరు వైపు రైలు కట్ట పక్కన తిరిగేవాళ్ళుంటే, గుట్టల కింద మామిడి తోటలున్నవాళ్ళుంటే, దయచేసి ఒక్కసారి ఆయన కోసం చూడండి. నల్లటి మనిషి, భుజాన కంబళి, కుడికాలు కొంచెం కుంటుతాడు. బావుల దగ్గర, కాపలా గుడిసెల్లో, కంపచెట్ల వెనక చూడండి. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, పలకలేదని తిరిగి రాకండి. మీరు పిలిస్తే ఆయన పలుకుతాడు. గట్టిగానే పలికాననుకుంటాడు. మీకు వినపడదు. నడిచి దగ్గరికి వెళ్ళి చూడండి.